ధర్మవీర కాపాడిన పచ్చిక

ఇండియా గేట్ నుంచి నిజాముద్దీన్ వైపు పోయే డాక్టర్ జాకిర్ హుస్సేన్ మార్గాన్ని వెనుకటి తరం వారు వెల్లెస్లీ రోడ్డుగా ఎరుగుదురు. ఆ మార్గం పొడవునా ఒక గోడ సాగుతుంది. గోడకు ఆవల సుమారు 180 ఎకరాల నేల ఉన్నది. చెట్లు, పొదలు, నెమళ్లు, పాతకాలపు సమాధులు, వాటి నడుమ దువ్వినట్లుండే పచ్చిక. ఈ నేల ప్రభుత్వానిది. అనుభవిస్తున్నది ఢిల్లీ గోల్ఫ్ క్లబ్బు. సభ్యత్వం కోరి దరఖాస్తు పెట్టినవారు దశాబ్దాల తరబడి వేచి ఉండవలసి వస్తుందనేది రాజధానిలో పాతబడిన ముచ్చట. దరఖాస్తు పెట్టిన తండ్రికి మనుమలు పుట్టిన తరువాత పిలుపు వచ్చినా ఇక్కడ ఎవరూ ఆశ్చర్యపోరు.

ఈ క్లబ్బు లీజు సంగతి పత్రికలలోకి వచ్చినప్పుడల్లా నాకు ధర్మవీర గుర్తుకు వస్తారు. రాజకీయాలను శ్రద్ధగా అనుసరించే తెలుగు పాఠకులు ఆయన పేరు వినగానే 1967 నాటి పశ్చిమ బెంగాల్ గవర్నరును తలచుకుంటారు. పోలీసు సంస్కరణల మీద ఆసక్తి ఉన్నవారు జాతీయ పోలీసు కమిషన్ అధ్యక్షుణ్ణి తలచుకుంటారు. కాని ఆయన చేతిమీదుగా జరిగిన పనులలో ఈనాటికీ చెక్కుచెదరక నిలిచినది ఈ పచ్చిక. ఎందుకిలా జరిగింది అనే ప్రశ్న నన్ను చాలాకాలంగా వెంటాడుతున్నది.

ధర్మవీర 1906 జనవరి 20న నేటి ఉత్తరప్రదేశ్‌లోని బిజ్నోర్‌లో జన్మించారు. తండ్రి రాజా జ్వాలాప్రసాద్ పేరుగాంచిన ఇంజనీరు. కుమారుడు అలహాబాదు మ్యూర్ కళాశాలలోను, ఆపైన లండన్‌లోను చదివి 1930లో ఐ.సి.ఎస్.లో చేరారు. ఆనాటి సంయుక్త రాష్ట్రాల జిల్లాలలో మేజిస్ట్రేటుగా పనిచేసి స్వాతంత్ర్యం నాటికి ఢిల్లీ చేరుకున్నారు. జిల్లాను ఒంటిచేత్తో నడిపిన ఐ.సి.ఎస్. అధికారికి నిర్ణయం తీసుకోవడం, దానిని అమలుపరచడం రెండు వేరు పనులుగా కనిపించవు. ధర్మవీర చివరివరకు ఆ అచ్చులోని మనిషే.

1947 ఆగస్టు నాటికి ఆయన కేబినెట్ సచివాలయంలో జాయింట్ సెక్రటరీ. ఆనాటి ఢిల్లీని ఒకసారి తలచుకోవాలి. పురానా ఖిల్లా, హుమాయూన్ సమాధి ఆవరణలు శరణార్థి శిబిరాలయ్యాయి. మొదట పాకిస్తాన్‌కు తరలిపోయే ముస్లిములతోను, తరువాత అక్కడినుంచి కట్టుబట్టలతో వచ్చిన హిందువులు, సిక్కులతోను అవి కిక్కిరిసిపోయాయి. 1951 జనాభా లెక్కల నాటికి ఒక్క ఢిల్లీలోనే దాదాపు ఐదు లక్షల మంది శరణార్థులు తేలారు. హుమాయూన్ సమాధికి పిలుపు దూరంలోనే ఉన్నది మనం చెప్పుకుంటున్న నేల.

అది అప్పటికి లోధీ గోల్ఫ్ క్లబ్బు. కొత్త రాజధాని నిర్మాణం ముగిసిన రోజులలో, 1930ల ప్రారంభంలో, దొరల వినోదం కోసం ఏర్పడినది. ఉద్యానవన శాఖలోని స్కాట్లండ్ దేశీయుడొకడు ఊరంతా గాలించి ఈ చోటు ఎంచాడని క్లబ్బువారు చెప్పుకుంటారు. తెల్లవారు ఓడలెక్కి వెళ్లిపోగానే సభ్యుల పట్టిక ఖాళీ అయింది. ఆడేవారు లేరు, చందాలు లేవు. తుమ్మ, ముళ్లపొదలు ఎప్పుడెప్పుడు మళ్లీ అల్లుకుందామా అని కాచుకుని ఉన్నాయి. ఢిల్లీ ఎండలో పచ్చికకు ఒక్క వేసవి నీరు తప్పితే మరుసటి ఏటికి అక్కడ మైదానం ఉండేదన్న ఆనవాలు కూడా మిగలదు. నగరం నడిబొడ్డున ఉన్న ఇంతటి జాగా మీద ప్రభుత్వంలోని ఏ శాఖ కన్నయినా పడటం సహజమే.

ధర్మవీరకు గోల్ఫ్ ఇష్టమైన ఆట. ఆట మీది మక్కువకు తోడు ఆయనకు ఫైళ్ల నడక తెలుసు. ప్రధాని నెహ్రూకు సన్నిహితంగా పనిచేసే అవకాశమున్నది. 1950లో ఆయనకు ప్రిన్సిపల్ ప్రైవేట్ సెక్రటరీ కూడా అయ్యారు. విదేశీ రాయబారులు, అతిథులు వచ్చిపోయే రాజధానికి చెప్పుకోదగిన గోల్ఫ్ మైదానం ఉండాలని నెహ్రూను ఒప్పించి, నేలను క్లబ్బుకు లీజుపై ఇప్పించడం ఆయన మొదటి విజయం. 1950 ఫిబ్రవరిలో ఢిల్లీ గోల్ఫ్ క్లబ్బు అనే కొత్త పేరుతో సంస్థ రిజిస్టరయింది. నెహ్రూ గోల్ఫ్ ఆడే మనిషి కాకపోవడం ఇక్కడ గమనించదగిన విశేషం.

అసలు తెలివి రెండవ అడుగులో ఉన్నది. సచివాలయంలోని తోటి అధికారులను పట్టుపట్టి సభ్యులుగా చేర్పించారు. వారిలో ఎందరికి గోల్ఫ్ కర్ర పట్టడం వచ్చునో చెప్పలేము. కాని భూమి ఫైలు ఏ బల్ల మీదికి పోయినా ఆ బల్ల వెనుక కూర్చున్నవాడు క్లబ్బు సభ్యుడై ఉండే ఏర్పాటు అది. ఒక సంస్థను కాపాడడానికి కోట గోడలు అక్కరలేదు, దానిని మూసివేయగల అధికారమున్నవారిని లోపలికి పిలిచి కూర్చోబెడితే చాలునన్న కిటుకును ఇంత చక్కగా ప్రయోగించినవారు అరుదు. పక్కనే 1950లలో గోల్ఫ్ లింక్స్ అన్న పేరుతోనే సంపన్నుల కాలనీ వెలసింది. శరణార్థులకు లాజ్‌పత్ నగర్, పటేల్ నగర్, రాజేంద్ర నగర్ వంటి చోట్ల చిన్న చిన్న ఇళ్లు, స్థలాలు దక్కాయి.

పచ్చికను మిగిల్చిన ఈ అధికారే ఆ తరువాత కేంద్ర పునరావాస మంత్రిత్వ శాఖకు కార్యదర్శి అయ్యారు. లండన్‌లో వాణిజ్య సలహాదారుగాను, చెకొస్లొవేకియాలో రాయబారిగాను పనిచేసి వచ్చిన తరువాత మాట ఇది. మంత్రి మెహర్‌చంద్ ఖన్నా. శరణార్థుల ఆస్తుల పరిహారం లెక్కలు తేల్చడం, ఇళ్లు, దుకాణాలు కేటాయించడం లక్షల ఫైళ్ల వ్యవహారం. పంజాబీ శరణార్థుల విషయంలో ఆ శాఖ సాధించినది తక్కువేమీ కాదు. తూర్పు బెంగాల్ నుంచి వచ్చినవారి కథ వేరు. వారి కోసం 1958లో దండకారణ్య అభివృద్ధి సంస్థను నెలకొల్పి, మన ఆంధ్ర సరిహద్దును ఆనుకుని ఉన్న కోరాపుట్, బస్తర్ అడవులలోకి పంపించారు. నీటిలో పుట్టి నీటిలో పెరిగిన రైతును మెట్ట అడవిలో నిలపడం ఎంత కష్టమో ఆనాటి ప్రణాళికలో అంతగా కనిపించదు. ఇరవై ఏళ్ల తరువాత వేలాది మంది అక్కడినుంచి తిరిగి బెంగాల్‌కు నడిచారు. 1979లో మరిచ్‌ఝాపి దీవిలో వారికి జరిగినది మరొక విషాదం. కోరాపుట్‌లో ఆ రైతుకు నీరు అందేలా చూడడానికి ఢిల్లీలో సభ్యుల పట్టిక ఏదీ లేదు.

అంతమాత్రాన ధర్మవీరకు శరణార్థులంటే పట్టలేదనడం అన్యాయమవుతుంది. ఆయన భార్య లాహోరు నగర నిర్మాతగా పేరొందిన సర్ గంగారామ్ కుటుంబానికి చెందినవారు. లాహోరులో మిగిలిపోయిన గంగారామ్ ఆస్పత్రికి మారుగా ఢిల్లీలో అదే పేరుతో ఆస్పత్రి వెలసింది. 1951లో నెహ్రూ దానికి శంకుస్థాపన చేశారు. దాని వెనుక ధర్మవీర పూనిక ఉన్నది. ఒక సంస్థను తనదిగా భావించినప్పుడు ఆయన దానిని వదిలిపెట్టేవారు కారు.

1964లో ఆయన కేబినెట్ సెక్రటరీ. శాస్త్రి మరణం, ఇందిరాగాంధీ ప్రధాని కావడం ఆయన ఆ పీఠం మీద ఉండగానే జరిగాయి. 1966లో పంజాబ్ గవర్నరుగా వెళ్లి రాష్ట్ర విభజన నిర్వహించారు. హర్యానాకు ఆయనే తొలి గవర్నరు. 1967 జూన్ 1న కలకత్తా రాజభవనంలో అడుగుపెట్టారు. నక్సల్బరీలో కాల్పులు జరిగి అప్పటికి వారం.

ఆ ఏడాది నవంబరులో జరిగినది గవర్నర్ల చరిత్రలో ఒక అధ్యాయం. ప్రఫుల్ల చంద్ర ఘోష్‌తో పాటు కొందరు శాసనసభ్యులు ఐక్య ఫ్రంట్‌ను విడిచారు. శాసనసభను వెంటనే పిలవమని గవర్నరు ముఖ్యమంత్రి అజయ్ ముఖర్జీని కోరారు. డిసెంబరు 18న పిలుస్తామని మంత్రివర్గం చెప్పింది. ధర్మవీర అంతవరకు ఆగలేదు. నవంబరు 21న మంత్రివర్గాన్ని బర్తరఫ్ చేసి ఘోష్ చేత ప్రమాణం చేయించారు. సభ తేల్చవలసిన లెక్కను రాజభవనం తేల్చింది. ఈ ప్రభుత్వం చెల్లదంటూ స్పీకరు సభను వాయిదా వేశారు. 1968 ఫిబ్రవరిలో రాష్ట్రపతి పాలన వచ్చింది. 1969 మధ్యంతర ఎన్నికలలో ప్రజలు ఐక్య ఫ్రంట్‌కు 280 స్థానాలలో 214 ఇచ్చి తమ తీర్పు చెప్పారు. ఆ కొత్త ప్రభుత్వం రాసి ఇచ్చిన ప్రసంగంలో, పాత బర్తరఫ్‌ను తప్పుపట్టిన భాగాలను గవర్నరు మార్చి 6న చదవకుండా దాటవేశారు. నెల తిరగకముందే కలకత్తా విడిచారు. ఆ ఏడాది అక్టోబరులో మైసూరు గవర్నరు అయ్యారు.

1984 ఆగస్టులో హైదరాబాదు రాజభవనంలో రామ్‌లాల్ చేసిన పనిని అనుభవించిన తెలుగువారికి దీని రుచి వేరే చెప్పనక్కరలేదు. సభలోనే బలాబలాలు తేలాలన్న సూత్రం సుప్రీంకోర్టు నోట స్పష్టంగా వెలువడడానికి 1994 నాటి బొమ్మై కేసు వరకు ఆగవలసి వచ్చింది.

కలకత్తా ధర్మవీరకు, క్లబ్బు ధర్మవీరకు సంబంధమేమిటని పాఠకులు అడగవచ్చు. నాకు కనిపించేది ఇది. క్లబ్బులో తలుపు ఎవరికి తెరవాలో, ఎప్పుడు తెరవాలో కమిటీ నిర్ణయిస్తుంది. బయట ఉన్నవారు అడగరు. పూనిక కలిగిన పెద్ద ఒకడు చొరవ తీసుకుంటే మిగతావారు సంతోషిస్తారు. గోల్ఫ్ మైదానానికి ఆ పద్ధతి చక్కగా సరిపోయింది. రాష్ట్రానికి సరిపోలేదు, అక్కడ సభ్యులు కోట్లలో ఉంటారు, ఓటు వేస్తారు.

ఇదంతా చూసిన ఆయనకే జనతా ప్రభుత్వం 1977 నవంబరులో జాతీయ పోలీసు కమిషన్ అధ్యక్ష పదవి ఇచ్చింది. ఎమర్జెన్సీ గాయాలు పచ్చిగా ఉన్న రోజులవి. 1979–81 మధ్య ఎనిమిది నివేదికలు వచ్చాయి. పోలీసు అధిపతికి నిర్ణీత పదవీకాలం, రాజకీయ జోక్యాన్ని అడ్డుకునే రాష్ట్ర భద్రతా సంఘం, 1861 నాటి చట్టానికి బదులు కొత్త చట్టం కావాలని కమిషన్ కోరింది. నా ఉద్దేశంలో ఆయన జీవితంలోకెల్లా విలువైన పని ఇదే. తిరిగి వచ్చిన ఇందిరాగాంధీ ప్రభుత్వం వాటిని అటకెక్కించింది. 2006లో ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఆదేశించిన తరువాత కూడా రాష్ట్రాలు పక్కదారులు వెతుకుతూనే వచ్చాయి. కాంగ్రెసు ఏలినా, కాంగ్రెసేతరులు ఏలినా ఈ ఒక్క విషయంలో భేదం లేదు.

ఈలోగా క్లబ్బు మాత్రం ఏ అటకా ఎక్కలేదు. 1976–77లో ఆస్ట్రేలియా దిగ్గజం పీటర్ థామ్సన్ మైదానాన్ని కొత్తగా తీర్చిదిద్దాడు. ఐదుసార్లు బ్రిటిష్ ఓపెన్ గెలిచిన ఆటగాడతడు. 1964లో తొలి ఇండియన్ ఓపెన్ విజేత కూడా. పద్దెనిమిది గుంటల లోధీ కోర్సు, తొమ్మిది గుంటల పీకాక్ కోర్సు ఏర్పడ్డాయి. లోధీ కోర్సులో దారులు ఇరుకు. ఇరువైపులా దట్టమైన పొదలు. బలంగా కొట్టేవాడికంటె నిదానంగా కొట్టేవాడికే అక్కడ మేలు, పొదలో పడిన బంతిని దేవుడే వెతికిపెట్టాలి. 1982 ఏషియాడ్ గోల్ఫ్ పోటీలు ఇక్కడే జరిగాయి. లక్ష్మణ్ సింగ్ వ్యక్తిగత స్వర్ణం, భారత జట్టు జట్టు స్వర్ణం గెలుచుకున్నాయి. 2019లో గ్యారీ ప్లేయర్ మార్పులతో మైదానం మరొకసారి ముస్తాబయింది. ఇంత శ్రద్ధగా, ఇన్ని దశాబ్దాలు ఎడతెగక మెరుగుపడిన ప్రజా ఆస్పత్రిని, ప్రజా పాఠశాలను రాజధానిలో నాకెవరైనా చూపిస్తే సంతోషిస్తాను.

నెమళ్ల కోసమైనా ఆ 180 ఎకరాలు మిగలడం మంచిదే కదా అనేవారున్నారు. నిజమే. క్లబ్బు లేకపోతే అక్కడ అధికారుల బంగళాలో, హోటళ్లో లేచి ఉండేవి తప్ప శరణార్థులకు దక్కి ఉండేదని నేననుకోను. కాని చెట్టు నీడ నగరానికి, గేటు మాత్రం కొందరికి. 2017లో మేఘాలయకు చెందిన ఒక ఖాసీ మహిళ, అతిథిగా వచ్చి కూడా, తన సంప్రదాయ దుస్తుల కారణంగా ఈ క్లబ్బు భోజనశాల నుంచి లేచి పోవలసి వచ్చినప్పుడు దేశమంతా కోపించింది.

లోపలికి మరొక దారి ఉన్నది. సభ్యుల సంచులు మోసే కేడీల దారి. ఈ మైదానంలోనే సంచులు మోసి ఆట నేర్చుకున్న అలీషేర్ 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచాడు. భారతీయ ప్రొఫెషనల్ ఆటగాడొకడు ఆ పోటీ గెలవడం అదే మొదటిసారి. 1993లో మళ్లీ గెలిచాడు. ఆ వార్త వచ్చేనాటికి ధర్మవీర జీవించే ఉన్నారు.

ఆయనకు 1999లో పద్మవిభూషణ్ ఇచ్చారు. 2000 సెప్టెంబరు 16న, తొంభై నాలుగవ ఏట కన్నుమూశారు. శతాబ్దం మారే ఆ రోజులలోనే ఢిల్లీ అభివృద్ధి సంస్థ కుతుబ్ మీనార్‌కు చేరువలో, లాడో సరాయ్‌లో, ఒక గోల్ఫ్ మైదానం తెరిచింది. అక్కడ సభ్యత్వం అక్కరలేదు. రుసుము కట్టిన వారెవరైనా ఆడవచ్చు.