పగడపు దీవుల రహస్యం విప్పిన చార్లెస్ డార్విన్

పిల్లలూ! డార్విన్ అనగానే మనకు ముందుగా గుర్తుకొచ్చేది జీవపరిణామ సిద్ధాంతం. పెద్దవాళ్ళం కూడా బళ్ళో అంతవరకే చదువుకున్నాం. కానీ ఆ సిద్ధాంతం పుస్తకంగా రావడానికి పదిహేడేళ్ళ ముందే, 1842లో, డార్విన్ సముద్రం మధ్యలోని పగడపు దీవుల గురించి ఒక పుస్తకం రాశాడు. అందులో చెప్పిన మాట నిజమో కాదో తేలడానికి మరో నూట పదేళ్ళు పట్టింది. అప్పటికి డార్విన్ బతికి లేడు. ఆ కథే ఈసారి మన సంచికలో చెప్పుకుందాం.

మన ఇళ్ళల్లో పగడం అంటే అమ్మమ్మ మెడలోని ఎర్ర పూసల దండ, లేదా కుజుడి కోసం పెట్టుకునే ఉంగరం. ఆ నగల పగడమూ, సముద్రంలో దిబ్బలు కట్టే పగడమూ చుట్టాలే కానీ ఒకటే కాదు. రెండూ నిజానికి రాళ్ళు కావు, మొక్కలూ కావు. పాలిప్ అనే చిన్న చిన్న జంతువులు తమ చుట్టూ కట్టుకున్న సున్నపు గూళ్ళు. ఒక తరం కట్టిన గూటి మీద ఇంకో తరం కడుతూ పోతే, వేల ఏళ్ళకు అది దిబ్బ అవుతుంది.

డాక్టరు కాలేకపోయిన డాక్టరుగారబ్బాయి

చార్లెస్ డార్విన్ 1809 ఫిబ్రవరి 12న ఇంగ్లండులోని ష్రూస్‌బరీ అనే ఊళ్ళో పుట్టాడు. సరిగ్గా అదే రోజున అమెరికాలో అబ్రహాం లింకన్ కూడా పుట్టాడు. తండ్రి రాబర్ట్ డార్విన్ పేరున్న వైద్యుడు. తల్లి సుసానా పింగాణీ పాత్రలకు ప్రసిద్ధి కెక్కిన వెడ్జ్‌వుడ్ వారి ఆడపడుచు. చార్లెస్‌కు ఎనిమిదేళ్ళప్పుడే ఆమె చనిపోయింది. అక్కలే అతణ్ణి పెంచారు.

కొడుకు కూడా తనలాగే డాక్టరు కావాలని తండ్రి కోరిక. ఈ కోరిక మన ఇళ్ళల్లో వినబడనిది కాదు కదా! పదహారో ఏట, 1825లో, ఎడిన్‌బరోలో వైద్య విద్యకు పంపాడు. ఆ రోజుల్లో మత్తుమందు లేదు. మనిషికి తెలివి ఉండగానే కోసేవారు. ఒక పిల్లవాడికి చేస్తున్న ఆపరేషను చూడలేక డార్విన్ మధ్యలోనే బయటికి వచ్చేశాడు. మళ్ళీ ఆ గదిలోకి వెళ్ళలేదు. అయితే ఆ రెండేళ్ళూ వృథా పోలేదు. రాబర్ట్ గ్రాంట్ అనే పరిశోధకుడితో కలిసి సముద్రతీరంలో తిరుగుతూ చిన్న చిన్న జలచరాలను పరీక్షించడం నేర్చుకున్నాడు. బానిసత్వం నుంచి విముక్తుడైన జాన్ ఎడ్మన్‌స్టన్ అనే నల్లజాతీయుడి దగ్గర, చనిపోయిన పక్షులను పాడవకుండా భద్రపరిచే పని నేర్చుకున్నాడు. ఈ రెండు విద్యలూ తరవాత ఓడలో బాగా పనికొచ్చాయి.

వైద్యం అబ్బలేదని తండ్రి అతణ్ణి మతగురువును చేద్దామని కేంబ్రిడ్జికి పంపాడు. అక్కడ చదువుకంటే పేడపురుగుల వంటి పెంకుపురుగుల వేట మీదే ధ్యాస. ఒకసారి రెండు చేతుల్లో రెండు పురుగులుండగా మూడో కొత్త రకం కనిపించింది. వదలబుద్ధి కాక చేతిలోని దాన్ని నోట్లో వేసుకున్నాడట! అది చేదు రసం చిమ్మితే నాలుక మండి ఉమ్మేయాల్సి వచ్చింది. ఈ పిచ్చిని గమనించి చేరదీసినవాడు వృక్షశాస్త్ర ఆచార్యుడు హెన్స్‌లో.

మేనమామ చలవ

1831లో హెన్స్‌లో నుంచి ఒక ఉత్తరం వచ్చింది. కెప్టెన్ ఫిట్జ్‌రాయ్ నాయకత్వంలో బీగిల్ అనే ఓడ దక్షిణ అమెరికా తీరాలను కొలవడానికి వెళుతోంది, ప్రకృతి పరిశీలకుడిగా వెళతావా అని. తండ్రి ఒప్పుకోలేదు. ఇది ఇంకో కాలయాపన అని ఆయన భయం. తెలివిగల పెద్దమనిషి ఒక్కడైనా వెళ్ళమంటే అప్పుడు చూద్దామన్నాడు. ఆ పెద్దమనిషి మేనమామ జోసయ్యా వెడ్జ్‌వుడ్ రూపంలో దొరికాడు. తండ్రి అభ్యంతరాలన్నిటికీ ఆయన ఒక్కొక్కటిగా జవాబు రాశాడు. తండ్రి మనసు మార్చుకోవడమే కాదు, ఖర్చు కూడా భరించాడు.

1831 డిసెంబరు 27న బయలుదేరిన ఆ ఓడ 1836 అక్టోబరు 2న తిరిగొచ్చింది. రెండేళ్ళనుకున్న ప్రయాణం ఐదేళ్ళకు దగ్గరైంది. డార్విన్‌కు ఓడ కదిలితే వాంతులు. ఆ బాధ చివరిదాకా తగ్గలేదు. అయినా దిగిన ప్రతి రేవులోనూ రాళ్ళు, మొక్కలు, జంతువులు సేకరిస్తూ, నోటు పుస్తకాలు నింపుతూనే ఉన్నాడు.

చూడకముందే తోచిన ఆలోచన

ఆ కాలపు నావికులను ఒక ప్రశ్న వేధించేది. పసిఫిక్, హిందూ మహాసముద్రాల్లో నడి సముద్రాన, గాజుల్లా గుండ్రంగా పగడపు దీవులుంటాయి. వాటిని అటాల్ అంటారు. ఇది మాల్దీవుల వారి భాష నుంచి వచ్చిన మాట. పగడాలు ఎండ సోకే లోతులేని నీటిలోనే దిబ్బలు కడతాయి. మరి చుట్టూ వేల అడుగుల లోతున్న చోట ఆ వలయాలు దేని మీద నిలిచాయి? నీట మునిగిన అగ్నిపర్వతాల నోళ్ళ అంచుల మీద కట్టుకుని ఉంటాయని అప్పటి గొప్ప భూగర్భ శాస్త్రవేత్త చార్లెస్ లయల్ ఊహించాడు. కానీ కొన్ని వలయాలు పదుల కిలోమీటర్ల వెడల్పున ఉన్నాయి. అంత పెద్ద అగ్నిపర్వత ముఖాలు, అవీ అన్నీ ఒకే ఎత్తులో, ఎలా ఉంటాయి?

1835 ఫిబ్రవరి 20న చిలీలో పెద్ద భూకంపం వచ్చింది. డార్విన్ అప్పుడు అక్కడే ఉన్నాడు. తరవాత తీరం వెంట చూస్తే, నీళ్ళలో ఉండాల్సిన ఆల్చిప్పలు రాళ్ళకు అంటుకుని గట్టున పైకి తేలి ఉన్నాయి. నేల పైకి లేచిందన్నమాట. ఒక చోట నేల లేస్తుంటే మరోచోట కుంగుతూ ఉండాలి కదా అని అతనికి తోచింది. సముద్రం అడుగు మెల్లగా కుంగుతుంటే అందులోని దీవులేమవుతాయి?

ఒక ఇల్లు, దాని చుట్టూ ప్రహరీ గోడ ఉన్నాయనుకోండి. ఇల్లు ఏడాదికి కొంచెం కొంచెంగా నేలలోకి కుంగుతోంది. గోడ కూడా కుంగుతోంది, కానీ మేస్త్రీలు ఎప్పటికప్పుడు పైన ఒక వరుస ఇటుకలు పేరుస్తున్నారు. చివరికి ఇల్లు కనబడదు, గోడ మాత్రం మిగులుతుంది. ఇల్లు అగ్నిపర్వత దీవి, మేస్త్రీలు పగడపు పురుగులు. మొదట దిబ్బ తీరానికి అంటుకుని ఉంటుంది. దీవి కుంగేకొద్దీ మధ్యలో నీళ్ళు చేరి దిబ్బ దూరంగా అడ్డుగోడలా నిలుస్తుంది. దీవి పూర్తిగా మునిగాక వలయం మిగులుతుంది. మూడు రకాల దిబ్బలూ మూడు వేరు వేరు వింతలు కావు, ఒకే కథలో మూడు ఘట్టాలు. విశేషమేమిటంటే, అసలైన పగడపు దిబ్బను ఒక్కదాన్నీ చూడకముందే డార్విన్‌కు ఈ ఆలోచన వచ్చింది.

ఆలోచన వస్తే చాలదు, పరీక్షించాలి. 1835 నవంబరులో తాహితీ కొండలెక్కి, ఎదురుగా ఉన్న దీవి చుట్టూ నురగ గీతలా ఉన్న దిబ్బను చూశాడు. 1836 ఏప్రిల్ 1న బీగిల్ హిందూ మహాసముద్రంలోని కోకోస్ కీలింగ్ దీవులకు చేరింది. అక్కడ కొబ్బరికాయలు ఒలుచుకు తినే పెద్ద పీతలను చూసి డార్విన్ ముచ్చటపడ్డాడు. కానీ అసలు పని లోతు కొలవడం. సీసపు గుండు అడుగున కొవ్వు పూసి తాడుతో దింపేవారు. అరవై అడుగుల లోపు కొవ్వు మీద బతికున్న పగడాల అచ్చులు పడ్డాయి. నూట ఇరవై అడుగులు దాటాక ఇసుకే అంటుకుంది. దీవికి రెండు కిలోమీటర్ల దూరంలో కెప్టెన్ 7,200 అడుగుల తాడు వదిలినా అడుగు తగల్లేదు!

అక్కడి నుంచి ఏప్రిల్ 29న మారిషస్ చేరారు. ఆ దీవి అంతటికీ ఉన్న ఒక్క ఏనుగు మీద డార్విన్ కొంత దూరం సవారీ చేశాడు. చెరకు తోటల పనికి మన కోస్తా నుంచి వలస వెళ్ళిన తెలుగువారి సంతతి నేటికీ మారిషస్‌లో ఉంది. అక్కడ ఉగాది ప్రభుత్వ సెలవు దినం.

గెలుపు, ఎదురుచూపు

1837లో లండనులో డార్విన్ తన వ్యాసం చదివాడు. లయల్ తన సొంత సిద్ధాంతాన్ని సంతోషంగా వదులుకుని ఈ కుర్రవాడి మాటే సరైనదన్నాడు. పెద్దరికం అంటే అదీ! 1842 పుస్తకంలో రంగుల పటం కూడా ఉంది. వలయ దీవులు నీలం, తీరపు దిబ్బలు ఎరుపు. మన లక్షదీవులు, మాల్దీవులు నీలంలో కనిపిస్తాయి. పగడాలకు బురద గిట్టదని కూడా అతను గమనించాడు. గోదావరి, కృష్ణ మోసుకొచ్చే ఒండ్రు నీటి వల్లే మన ఆంధ్ర తీరంలో అలాంటి పెద్ద దిబ్బలు పెరగలేదు.

1839లో డార్విన్ తనను ఓడెక్కించిన మేనమామ కూతురు ఎమ్మానే పెళ్ళి చేసుకున్నాడు. మన భాషలో మేనరికం. పదిమంది పిల్లలు పుట్టారు, ముగ్గురు చిన్నతనంలోనే పోయారు. 1851లో పదేళ్ళ ఆనీ మరణం అతణ్ణి కుంగదీసింది. దగ్గరి బంధువుల పెళ్ళి వల్ల పిల్లలకు అనారోగ్యం వస్తుందేమోనని తరవాత ఎంతో మథనపడ్డాడు. తనకూ జబ్బులే. డౌన్ అనే పల్లెలో ఉంటూ, రోజుకు కొద్ది గంటలే పనిచేస్తూ, ఎనిమిదేళ్ళు బార్నకిల్స్ అనే సముద్ర జీవుల మీద గడిపాడు. 1859లో జీవపరిణామ గ్రంథం వచ్చింది. ఆ సంగతి మీరు సైన్సు పుస్తకాల్లో చదువుతారు.

చివరి రోజుల్లో పగడాల సిద్ధాంతానికి ఎదురుగాలి వీచింది. దీవులు కుంగనక్కరలేదని, సముద్రం అడుగున పేరుకున్న మేటల మీదే పగడాలు కట్టుకున్నాయని జాన్ మరే 1880లో వాదించాడు. డార్విన్ కోపం తెచ్చుకోలేదు. ఎవరైనా కోటీశ్వరుడు పూనుకుని ఒక పగడపు దీవిలో లోతుగా బోరు వేయిస్తే తేలిపోతుంది కదా అని 1881లో ఒక ఉత్తరంలో కోరుకున్నాడు. తన మాట తప్పయితే తప్పని తేలనీ అన్నదే అతని భావం. 1882 ఏప్రిల్ 19న కన్నుమూశాడు. వెస్ట్‌మిన్‌స్టర్ ఆబీలో న్యూటన్ సమాధికి దగ్గర్లో పాతిపెట్టారు.

1896 నుంచి 1898 దాకా ఫునాఫుటి దీవిలో సుమారు 340 మీటర్లు తవ్వారు. అంతా పగడపు సున్నమే, అడుగు తేలలేదు. 1947లో బికినీ దీవిలో సుమారు 780 మీటర్లు. అప్పుడూ అంతే. 1952లో, అణుబాంబు పరీక్షల సందర్భంగా, ఎనివెటాక్ దీవిలో అమెరికావారు తవ్వితే సుమారు 1,400 మీటర్ల లోతున నల్లటి అగ్నిపర్వత శిల తగిలింది! లోతులేని నీటిలో బతికిన జీవుల సున్నం అంత కిందికి చేరిందంటే దీవి కుంగినట్టే. అడుగున ఎందుకు కుంగుతుందో, మంచు యుగాల్లో సముద్ర మట్టం ఎలా మారిందో డార్విన్‌కు తెలియదు. వాటిని తరవాతివారు చేర్చారు. మూలసూత్రం మాత్రం నిలిచింది.

డార్విన్‌కు దొరకని జవాబు

ఇంకో చిక్కు మిగిలింది. తేటగా మెరిసే ఆ నీటిలో ఆహారం చాలా తక్కువ. మరి అన్ని జీవులు ఎలా బతుకుతున్నాయి? జవాబు పగడపు ఒంట్లోనే ఉంది. కంటికి కనిపించనంత చిన్న నాచు కణాలు పాలిప్ లోపల కాపురముంటాయి. ఎండతో ఆహారం తయారుచేసి చాలా భాగం ఇంటివారికిస్తాయి. ఇంటివారు నీడతో పాటు, తమ వ్యర్థాలనే ఎరువుగా ఇస్తారు. దీన్నే సహజీవనం అంటారు. ఇచ్చిపుచ్చుకోవడంలో ఏదీ పారేయరు కనుకే పేద నీటిలో పెద్ద ఊరు వెలిసింది.

ఎవరు ఎవరికి ఎంత పెడుతున్నారో ఎలా తెలుస్తుంది? కార్బన్ అణువుల్లో నూటికి తొంభై తొమ్మిది 12 బరువు, ఒకటి 13 బరువు. ఇవి కాలంతో మారవు కనుక స్థిర ఐసోటోపులు అంటారు. తిన్న తిండిని బట్టి ఒంట్లో వీటి పాళ్ళు కొద్దిగా మారతాయి. నైట్రోజన్‌లో బరువైన రకం, ఒకరినొకరు తినే గొలుసులో మెట్టు మెట్టుకీ పెరుగుతుంది. పగడపు కండనూ, నాచునూ విడివిడిగా యంత్రంలో తూస్తే, నాచు పెట్టింది తింటోందా, తానే వేటాడుతోందా అన్నది తెలుస్తుంది. లోతుకు వెళ్ళి వెలుగు తగ్గేకొద్దీ వేట పెరుగుతుంది. అలాగే గూటి సున్నంలోని ఆక్సిజన్ పాళ్ళను బట్టి వందల ఏళ్ళ కిందటి నీటి వేడిని లెక్కకట్టవచ్చు. ఈ దారి చూపినవాడు నోబెల్ గ్రహీత హెరాల్డ్ యూరీ.

ఆ కాపురం ఇప్పుడు చెదురుతోంది. వేసవి గరిష్ఠం కంటే నీరు ఒక్క డిగ్రీ ఎక్కువ వేడెక్కి కొన్ని వారాలుంటే చాలు, పగడం నాచును బయటికి పంపేసి తెల్లబడిపోతుంది. త్వరగా చల్లబడితే కోలుకుంటుంది, లేకపోతే ఆకలితో చస్తుంది. 1998లో, 2016లో, మళ్ళీ 2023 నుంచి ప్రపంచమంతటా ఇది జరిగింది. 2023 వేసవిలో ఫ్లోరిడా కీస్ దిబ్బలు తీవ్రంగా దెబ్బతిన్నాయి. సముద్రం అడుగు కుంగినా కోట్ల ఏళ్ళు పైకి కట్టుకుంటూ వచ్చిన ఆ మేస్త్రీలకు, ఇంత త్వరగా వచ్చిపడ్డ వేడికి తట్టుకునే వ్యవధి దొరకడం లేదు.

పిల్లలూ, సెలవుల్లో హవాయికో ఫ్లోరిడాకో వెళితే దిబ్బల మీద నిలబడకండి, ముక్కలు విరిచి తేకండి. చూసి, నోటు పుస్తకంలో రాసుకోండి. పెద్దలకు మా మనవి ఒక్కటే. పిల్లవాడు పురుగుల వెంట, రాళ్ళ వెంట పడుతుంటే వెంటనే కసరకండి. డార్విన్ తండ్రి తన మాట మీద పట్టుబట్టి ఉంటే ఇంగ్లండుకు ఇంకొక డాక్టరు దొరికేవాడేమో. పగడపు దీవుల రహస్యం మాత్రం మరొకరి కోసం ఎదురుచూసేది.