స్కాట్ మహాశయుని తుది ప్రయాణము

అప్పు, నిప్పు, పగ అను మూటిలో శేషము మిగుల్పరాదని మన పెద్దలు చెప్పుదురు. చెప్పుట సులభము. అప్పు కొండంతయై, తీర్చవలసినవాని వయస్సు ఏబది దాటి, చేతిలో కలము తప్ప మరియొక ఆధారము లేనప్పుడు ఆ మాటను చెల్లించుట ఎంత కష్టమో సర్ వాల్టర్ స్కాట్ జీవితములోని తుది యేండ్లు మనకు తెలుపును. ఆ యేండ్లలో కడపటి ఘట్టము ఒక ప్రయాణము. ఇటలీ దేశమున ఉద్యోగము చేయుచున్న కుమారుని కడకు ఆరోగ్యార్థమై వెడలిన స్కాట్, యూరపు ఖండము నడుమనుండి గుర్రపుబండిలో తిరిగివచ్చుచు, ప్రాణముండగా స్వగృహము చేరుటకు పడిన ఆరాటమే ఈ కథ.

స్కాట్ పేరు తెలుగువారికి క్రొత్తది కాదు. చిలకమర్తి లక్ష్మీనరసింహముగారిని మనవారు ఆంధ్ర స్కాట్ అని పిలిచి గౌరవించిరి. ఐవన్‌హో కథను పాఠశాలలోనే చదువుకొన్న తెలుగువారు పెక్కుమంది. స్కాట్ 1771వ సంవత్సరము ఆగస్టు 15వ తేదీన స్కాట్లండు రాజధానియగు ఎడింబరో నగరమున జన్మించెను. ఏడాదిన్నర ప్రాయమున జ్వరము వచ్చి కుడికాలు చచ్చుపడెను. గాలిమార్పునకై తాతగారి పల్లెకు పంపగా, అచ్చట నాయనమ్మయు మేనత్తయు చెప్పిన కథలు, పాడిన వీరగాథలు ఆ కుంటి పిల్లవాని మనస్సున నాటుకొనెను. పెద్దవాడై న్యాయవాదియు, న్యాయస్థానపు ఉద్యోగియు అయినను ఆ గాథలు ఆయనను విడువలేదు. మొదట కావ్యములు వ్రాసి కీర్తి గడించెను. 1814లో వేవర్లీ అను నవలను పేరు చెప్పకయే ప్రకటించెను. దాని వెనుక ఏటేట వచ్చిన నవలలను చదివి యూరపు అంతయు ముగ్ధమయ్యెను. ఆ ధనముతో ట్వీడ్ నది యొడ్డున ఆబట్స్‌ఫర్డ్ అను భవనమును కట్టించి, చెట్లు నాటించి, పుస్తకములను పాత ఆయుధములను సేకరించి, ఆ యింటిని కన్నబిడ్డవలె పెంచుకొనెను.

1826 జనవరిలో పిడుగు పడెను. స్కాట్ తన మిత్రుడు బాలంటైన్ ముద్రణాలయములో రహస్య భాగస్వామిగా నుండెను. ఆ ముద్రణాలయమును, కాన్‌స్టేబుల్ అను ప్రకాశకుని సంస్థయు ఒకరి హుండీలపై మరియొకరు సంతకములు చేసి ధనము తెచ్చుకొనుచుండిరి. లండనులో వర్తకము కూలగా, ఒకరి పతనము మరియొకరిని పడగొట్టెను. లక్ష పౌన్లకు మించిన ఋణము స్కాట్ నెత్తిన పడెను. అప్పటికి ఆయన వయస్సు 54 ఏండ్లు. దివాలా ప్రకటించుకొన్నచో చట్టము ఆయనను విడిచిపుచ్చెడిది. ఆయన ఆ దారి త్రొక్కలేదు. అప్పులవారినుండి గడువు మాత్రమే కోరి, కలముతో తీర్చెదనని మాట ఇచ్చెను. ఎడింబరోలోని ఇల్లు అమ్మివేసి అద్దె గదులలో కాపురముండెను. ఆ మే నెలలోనే భార్య షార్లట్ మరణించెను. అప్పుడు ఆయన ఉద్యోగపు పనిమీద ఎడింబరోలో నుండుటచే కడసారి చూపునకైనను నోచుకొనలేదు. అయినను వ్రాత ఆగలేదు. తొమ్మిది సంపుటముల నెపోలియన్ చరిత్రయు, నవలలును వెలువడెను. మొదటి రెండేండ్లలోనే అప్పులవారికి సుమారు 40,000 పౌన్లు ముట్టెను.

కాని శరీరము ఆ శ్రమకు ఓర్వలేదు. 1830లో పక్షవాతము తొలిసారి సోకెను. 1831 ఏప్రిలులో మరల గట్టిగా తాకెను. నోటి మాట తడబడెను. అయినను ఆ యేడు మరి రెండు నవలలు ముగించెను. చలికాలము ఇటలీలో గడపుమనియు, కలము ముట్టవలదనియు వైద్యులు పట్టుబట్టిరి. రెండవ కుమారుడు చార్లెస్ అప్పుడు నేపుల్సు నగరమున బ్రిటిషు రాయబారి కార్యాలయములో ఉద్యోగియై యుండెను. కావున ప్రయాణము అచ్చటికే నిశ్చయమయ్యెను. బయలుదేరుటకు ముందు కవి వర్డ్స్‌వర్త్ కుమార్తెతో కూడ వచ్చి వీడ్కోలు చెప్పెను. ఆనాటి ప్రభుత్వము తెచ్చిన ఎన్నికల సంస్కరణను స్కాట్ బహిరంగముగా ఎదిరించినవాడే. ఆ ప్రభుత్వమే ఆయన ప్రయాణమునకై బార్హామ్ అను యుద్ధనౌకను ఏర్పాటు చేసెను. 1831 అక్టోబరు 29న పెద్దకుమారుడు వాల్టరు, కోడలు, కుమార్తె ఆన్ తోడురాగా ఆయన నౌక యెక్కెను. మాల్టా ద్వీపమున కొన్ని దినములు ఆగి, డిసెంబరు 17న నేపుల్సు చేరిరి.

కుమారుని చూచుటతో తండ్రి మనస్సు తేరుకొనెను. నేపుల్సువారు ఆయనను ఎంతయో ఆదరించిరి. అగ్నిపర్వతపు బూడిదలో పూడి, త్రవ్వకములలో బయటపడిన పాంపే నగరమును కుర్చీలో కూర్చుండబెట్టి చూపించిరి. కాని వైద్యుల మాటను స్కాట్ పాటింపలేదు. మాల్టా ముట్టడి అను నవలను అచ్చటనే వ్రాయసాగెను. చేయి వణకి, ఆలోచన చెదరుచున్న కాలమున వ్రాసిన ఆ గ్రంథము ఆనాడు అచ్చుకు నోచుకొనలేదు. 2008లో గాని వెలుగు చూడలేదు. అంతకన్న విచిత్రమైన సంగతి మరొకటి జరిగెను. తన అప్పులన్నియు తీరిపోయినవని ఆయన నమ్మసాగెను. ఇక తాను స్వతంత్రుడననియు, నచ్చినంత భూమి కొనవచ్చుననియు సంతోషించుచుండెను. నిజమునకు అప్పులో పెద్దభాగము ఇంకను మిగిలియే యున్నది. ఆ భ్రమను తొలగించుటకు చుట్టునున్నవారికి నోరు రాలేదు. ఏండ్ల తరబడి మోసిన బరువును మనస్సే తనంతట తాను దింపుకొన్నప్పుడు దానిని మరల నెత్తికెత్తువారెవ్వరు?

దుఃఖవార్తలును ఆ నగరముననే చేరినవి. ఆయన ఏ మనుమని కొరకు స్కాట్లండు చరిత్రను తాత చెప్పిన కథలుగా వ్రాసెనో, ఆ బాలుడు పదేండ్ల వయస్సున లండనులో మరణించెను. తరువాత, జర్మను మహాకవి గెటే 1832 మార్చి 22న కాలధర్మము నొందెనని తెలిసెను. స్కాట్ యౌవనమున గెటే నాటకమునొకదానిని ఇంగ్లీషులోనికి అనువదించియుండెను. తిరుగు దారిలో వైమర్ నగరమున ఆ మహాకవిని దర్శింపవలెనని ఆయన కోరిక. గెటే తన యింటనైన కన్నుమూయగలిగెనని తలచుకొని, తానును వెంటనే ఇల్లు చేరవలెనని స్కాట్ తొందరపడెను. ఆ దినము మొదలుకొని ఆయనకు వేరొక ధ్యాస లేదు.

పెద్దకుమారుడు తన సైన్యపు కొలువునకు మరలి పోవలసి వచ్చెను. కావున చార్లెస్, ఆన్ ఇరువురును తండ్రికి తోడైరి. కావలసినప్పుడు పడకగా మార్చుకొనుటకు వీలైన ఒక గుర్రపుబండిని సంపాదించి, 1832 ఏప్రిలు 16న నేపుల్సు విడిచిరి. రోము నగరమున కొన్ని వారములు నిలిచిరి. ఎన్నెన్నో శిథిలములు, శిల్పములు గల ఆ నగరమున స్కాట్ ముఖ్యముగా చూడగోరినది సెయింటు పీటరు దేవాలయములోని స్టూవర్టు రాజవంశపు సమాధి. తన తొలి నవలకు ప్రాణము పోసినది ఆ వంశపు కడపటి పోరాటమే గదా! మే 11న రోము విడిచిన పిమ్మట బండి ఎక్కడను ఎక్కువగా ఆగలేదు. ఫ్లారెన్సు నగరపు చిత్రశాలలు ఆయనను ఆకర్షింపలేదు. అపెనైను కొండలను దాటునప్పుడు కనబడిన మంచు, దేవదారు జాతి చెట్లు మాత్రము స్వదేశమును తలపించి సంతోషపెట్టినవి. వెనిస్ నగరమున నాలుగు దినములుండి, పాత కారాగృహపు చీకటి గదులలోనికి కుంటుచునే దిగి చూచెను.

అటుపిమ్మట ఆల్ప్స్ కనుమల మీదుగా ఇన్స్‌బ్రుక్, మ్యూనిచ్, ఉల్మ్, హైడెల్‌బర్గు నగరములను దాటుచు బండి పరుగెత్తెను. బిడ్డలు ఆగి విశ్రమింపుమన్నను ఆయన వినలేదు. జూన్ 5న ఫ్రాంక్‌ఫర్టు నగరమున ఒక పుస్తకముల దుకాణమునకు పోగా, వచ్చినవారు ఆంగ్లేయులని గ్రహించిన వర్తకుడు అమ్మకమునకున్న చిత్రపటములను ముందు పరచెను. అందొకటి ఆబట్స్‌ఫర్డ్ భవనపు చిత్రము. ఎదుటనున్నవాడు ఆ యింటి యజమానుడని వర్తకుడు ఎరుగడు. అది తానెరిగిన చోటేనని మాత్రము చెప్పి స్కాట్ బస కు మరలెను. ఎచ్చటికి చేరుటకై ఇన్ని దేశములు దాటుచున్నాడో, ఆ యిల్లు పరాయి దేశపు అంగడిలో కాగితముపై ఎదురైనప్పుడు ఆ వృద్ధుని మనస్సున ఏమి మెదలెనో ఊహించుకొనవలసినదే.

జూన్ 8న మెయింజ్ వద్ద పొగయోడ నెక్కి రైన్ నది వెంట దిగువకు సాగిరి. ఒడ్డునున్న పాత కోటలను కొంతసేపు ఆసక్తితో చూచెను. మరునాటి సాయంకాలము నిమేగన్ పట్టణము చేరువలో పక్షవాతము మరల తాకెను. ఇది అన్నిటికంటె తీవ్రమైనది. వెంటనున్న సేవకుడు నికల్సన్ ఆనాటి వైద్యపద్ధతిని రక్తము తీసి, ప్రాణము నిలిపెను. జూన్ 11న రాటర్‌డామ్ రేవున ఆయనను ఎత్తుకొనిపోయి ఇంగ్లీషు ఓడలో చేర్చిరి. 13వ తేదీ సాయంకాలమునకు లండను చేరిరి.

అచ్చట జెర్మిన్ వీధిలోని ఒక హోటలులో మూడు వారములకు పైగా మంచము పట్టి యుండెను. పెద్దకుమార్తె సోఫియా, అల్లుడు లాక్‌హార్ట్ ప్రక్కనే యుండిరి. రాజకుటుంబమువారు దినదినము కుశలమడిగి పంపిరి. ఒకనాటి రాత్రి ఆ వీధి మలుపున కొందరు కూలివాండ్రు గుమిగూడి, ఆయన పండుకొని యున్న వీధి ఇదియేనా అని దారినపోవువానిని అడిగిరట. ఇన్నిటి మధ్య రోగికి తెలివి వచ్చినప్పుడెల్ల కోరినది ఒక్కటే: ఇంటికి తీసికొనిపొండని. ఆ కోరికను కాదనుటకు వైద్యులకును ధైర్యము చాలలేదు. జూలై 7న మరల ఓడ యెక్కించిరి. 9వ తేదీన ఎడింబరో చేరిరి. 11వ తేదీ ఉదయమున తుది దారి మొదలయ్యెను.

బండిలో చాలసేపు ఆయనకు స్పృహ లేదు. గాలా నది లోయలోనికి దిగునప్పటికి ఆయన కన్నులు తెరచి పరిసరములను చూడసాగెను. ఒక్కొక్క చోటి పేరును మెల్లగా గొణుగుచుండెను. ఈల్డన్ కొండలు కనబడగానే చలించెను. ఆబట్స్‌ఫర్డ్ గోపురములు కంటబడినప్పుడు సంతోషముతో కేకవేసి లేవబోయెను. ట్వీడ్ నది వరదలో నుండుటచే బండి మెల్‌రోజ్ వంతెన మీదుగా చుట్టు తిరిగి పోవలసి వచ్చెను. ఆ కొంతదూరమును ఆయనను పట్టి నిలుపుట లాక్‌హార్టునకు, వైద్యునికి, సేవకునికి కష్టమయ్యెను. వాకిటిలో పాత మిత్రుడు విలియం లెయిడ్‌లా కాచియుండెను. పెంపుడు కుక్కలు కుర్చీ చుట్టు చేరి చేతులు నాకుచుండగా ఆ మహానుభావుడు నవ్వుచు ఏడ్చుచు నిదురలోనికి జారెను.

కొన్ని దినములు చక్రముల కుర్చీలో గులాబి తోటలోను, పుస్తకశాలలోను త్రిప్పుచుండిరి. జూలై 17న తన వ్రాతబల్ల కడకు చేర్పుమని కోరెను. కుమార్తె కలమును చేతిలో నుంచెను. వ్రేళ్లు ముడుచుకొనలేదు. కలము జారి కాగితముపై పడెను. ఆయన దిండున కొరిగి నిశ్శబ్దముగా కన్నీరు విడిచెను. అప్పు తీరినదని నేపుల్సులో నమ్మిన మనస్సు, ఇల్లు చేరగానే మరల పనిలోనికి పోగోరెను!

1832 సెప్టెంబరు 21వ తేదీ మధ్యాహ్నము, కిటికీలు తెరచియుండగా, ట్వీడ్ నీరు గులకరాళ్లపై పారుచప్పుడు గదిలోనికి వినవచ్చుచుండగా, బిడ్డలందరి యెదుట స్కాట్ కన్నుమూసెను. 26న డ్రైబరో మఠములో భార్య ప్రక్కన సమాధి చేసిరి. శవవాహనము దారిలో ఒక కొండ నెత్తమున అనుకోకుండ కొంతసేపు ఆగిపోయెను. ఆయన బ్రతికియున్నప్పుడు గుర్రమును ఆపి ట్వీడ్ లోయను చూచుచుండిన చోటు అదియే.

మరి అప్పు మాట యేమయ్యెను? ఆయన జీవిత భీమా వలన 22,000 పౌన్లు వచ్చెను. మిగిలిన మొత్తమును కాడెల్ అను ప్రకాశకుడు గ్రంథముల రాబడి హామీపై సమకూర్చగా అప్పులవారికి చెల్లించిరి. కాడెల్ బాకీయు 1847 నాటికి పుస్తకముల హక్కులతో తీరెను. ఆ యేడే పెద్దకుమారుడు వాల్టరు దక్షిణ హిందూదేశమున సైన్యపు కొలువు చేసి మరలిపోవుచు సముద్రముమీద మరణించెను. ఆస్తి అనుభవించుటకు బిడ్డలు మిగులలేదు గాని, తండ్రి ఇచ్చిన మాట మిగిలెను. నేపుల్సులో రోగి కన్న కల పదునైదేండ్లకు నిజమయ్యెను. నిజము చేసినవి ఆయన పుస్తకములే.

మన విద్యార్థులు ఐవన్‌హో చదువునప్పుడు వీరుల కత్తిపోరులను చూచి ఆనందింతురు. ఆ వీరులను సృష్టించినవాడు తానుగూడ ఒక పోరాటము చేసెనని, అందు ఆయన ఆయుధము వణకుచున్న వ్రేళ్ల నడుమ నిలిచిన కలమేనని ఉపాధ్యాయులు ఒక్క మాట చెప్పిన చాలును.