పర్లాకిమిడి బడిపంతులు

పాఠం చెప్పేవాళ్ళు రెండు రకాలని నా లెక్క. ఒకరు హాజరు వేసి, నోట్సు చెప్పి, పోర్షన్ పూర్తి చేస్తారు. మరొకరు క్లాసుని ఎక్కడికో లాక్కుపోతారు; పరీక్షలనాటికి సగం సిలబస్ మిగిలిపోతుంది. ఈ రెండు పనులూ ఒక్క మనిషి వల్ల అవుతాయా అంటే నాకు గిడుగు రామమూర్తి పంతులు గారే గుర్తొస్తారు. ఆయన్ని వ్యావహారిక భాషోద్యమ నాయకుడుగానే చదువుకున్నాం గాని, ముప్ఫయ్యేళ్ళు ఆయన బడిపంతులు.

1863లో ముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రి పోయారు. మెట్రిక్ ప్యాసై 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో చేరారు. కింది తరగతులకి పాఠాలు చెబుతూనే ప్రైవేటుగా బి.ఏ. చదివారు. చరిత్ర చెప్పేవాడికి శాసనాలు రావద్దూ అనుకుని ముఖలింగం గుడి శాసనాల లిపి తనంతట తానే నేర్చుకున్నారు. జీతంలో లేని పని అది.

ఇక సవరల సంగతి. చుట్టుపక్కల కొండల్లో ఉండే ఆ జనానికి వాళ్ళ భాషలో చదువు చెప్పే బడి లేదు. పంతులు గారు తెలుగు తెలిసిన ఒక సవరని ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు. అక్కడితో ఆగివుంటే పండితుడనేవాళ్ళం. ఆయన వాచకాలు రాశారు, సొంత డబ్బుతో బడులు పెట్టారు. 1911లో సర్కారు ఆ పుస్తకాలకి పారితోషికం ఇవ్వబోతే తనకి వద్దనీ, ఆ సొమ్ముతో బడి నడపమనీ కోరారు. ఉపన్యాసం ఎవరైనా ఇస్తారు. కొండమీద బడి నెలనెలా నడవాలంటే పలకలూ, పంతులూ, జీతమూ చూడాలి. నా మటుకు నాకు ఆయన చేసిన వాటిలో ఇదే పెద్ద పని. మన్యం జ్వరాలకి మింగిన క్వినైన్ ఆయన వినికిడి పాడుచేసింది. నోటి మాట కోసం పోట్లాడిన మనిషికి చెవుడు!

1907 ప్రాంతంలో స్కూళ్ళ తనిఖీకొచ్చిన యేట్సు దొర బడి తెలుగుకీ వీధి తెలుగుకీ అంత తేడా ఎందుకని ఆరా తీశాడు. ఆ ప్రశ్న పంతులు గారి దాకా వచ్చింది. ఆయనకది క్లాసులో రోజూ ఎదురయ్యేదే: కుర్రాడు పాఠం అర్థం చేసుకుంటున్నాడా, బట్టీ పడుతున్నాడా? 1911లో ఉద్యోగం విరమించి ఊరూరా సభలకి బయల్దేరారు. స్కూలు ఫైనల్లో వాడుకభాషలో రాయొచ్చని ప్రభుత్వం ఒప్పుకుంది; పండితులు గొడవ చేస్తే కొద్దికాలానికే వెనక్కి తీసుకుంది. ఆయన మానలేదు. 1919లో ‘తెలుగు’ పత్రిక పెట్టారు. 1931లో సవర వ్యాకరణం తెచ్చారు.

1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో కలిసింది. బతుకంతా గడిపిన ఊరు వదిలి, డెబ్భై దాటిన వయసులో, రాజమండ్రి వచ్చేశారు. 1940 జనవరి 22న పోయారు. అప్పటికి బడిపిల్లల వాచకాలు ఇంకా గ్రాంథికంలోనే ఉన్నాయి.