మందుల షాపులో మన సుబ్బారావు

అబిడ్స్‌లోనో, నాంపల్లి స్టేషన్ దగ్గరో మందుల షాపులో ఫోలిక్ యాసిడ్ మాత్రలు కొన్నారా? అయితే ఒక తెలుగువాడి కష్టఫలాన్ని ఇంటికి తెచ్చుకున్నట్టే. ఆయనే డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు.

1895లో భీమవరంలో పుట్టారు. స్ప్రూ అనే పేగుల జబ్బు ఆయన సోదరులను బలితీసుకుంది. తర్వాత ఆయనకూ సోకింది. ఆయుర్వేద వైద్యంతో బతికి బయటపడ్డారు. 1922లో అమెరికా వెళ్లి మొదట హార్వర్డ్‌లో, 1940 నుంచి లెడర్లీ ప్రయోగశాలలో పనిచేశారు. 1945లో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేసింది. సోదరులను మింగిన స్ప్రూకి అది మందయింది.

మన కణాలు డీఎన్ఏ, ఆర్ఎన్ఏ తయారుచేసుకోవాలంటే ఈ విటమిన్ ఉండాలి. గర్భిణులకు ఇచ్చేది అందుకే. దీన్ని అడ్డుకుంటే క్యాన్సర్ కణాలు పెరగలేవు. అలా ఆయన బృందం నుంచి వచ్చిన మెథోట్రెక్సేట్, పిల్లల రక్తక్యాన్సర్ చికిత్సలో నేటికీ ముఖ్యమైన మందు.

1948లో ఆయన పర్యవేక్షణలోనే ఆరియోమైసిన్ వచ్చింది. ఆర్ఎన్ఏ సందేశాన్ని చదివి ప్రొటీన్ తయారుచేసే బ్యాక్టీరియా యంత్రాంగాన్ని అది ఆపేస్తుంది. ఆ రహస్యం తెలిసేనాటికి ఆయన లేరు. 1948 ఆగస్టులోనే, 53 ఏళ్లకు కన్నుమూశారు.

డాక్సీసైక్లిన్ కూడా ఆ కుటుంబానిదే. డాక్టరు చీటీ లేకుండా కొనకండి. కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ రాస్తే వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది.