తొలి పలకపై తల్లిభాష: గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు

ఐదేళ్ల బాలుడు బడిలో అడుగుపెట్టేనాటికే మాట్లాడడం నేర్చి వస్తాడు. కోపమైనా ఆకలైనా, అలకైనా ఆనందమైనా వాడు చెప్పగలడు. వాడికి తెలియనిది ఒక్కటే: తన నోట పలికే మాటను పలకమీద గీతలుగా నిలబెట్టవచ్చునని, ఆ గీతలను చూసి మరొకరు అదే మాటను తిరిగి పలకగలరని. ఈ రహస్యాన్ని వాడికి తెలియజేయడమే ఒకటో తరగతి ఉపాధ్యాయుని ముఖ్య బాధ్యత. వాడు తెచ్చుకున్న మాటను పక్కన పెట్టి, ఎన్నడూ వినని భాషలో చదవమంటే ఆ రహస్యం వాడికి అందదు. కంఠస్థం చేస్తాడు గాని చదవడు. ఈ సత్యాన్ని గ్రహించి, దాని కోసం ఆరోగ్యాన్ని, ధనాన్ని, చివరకు తాను ఐదున్నర దశాబ్దాలు నివసించిన ఊరిని సైతం వదులుకున్న మహనీయుడు గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు. వ్యావహారిక భాషోద్యమ నాయకునిగా ఆయన పేరు తెలుగువారందరికీ తెలుసు. ఆయన మొదట బడిపంతులనీ, ఆ ఉద్యమానికి బీజాలు తరగతి గదిలోనే పడ్డాయనీ మాత్రం తరచుగా గుర్తుచేసుకోము.

రామమూర్తిగారు 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగ క్షేత్రానికి సమీపాన, వంశధారా తీరాన గల పర్వతాలపేట గ్రామంలో జన్మించారు. తల్లిదండ్రులు వెంకమ్మ, వీర్రాజు గార్లు. తండ్రిగారు పర్లాకిమిడి జమీందారీలో రెవెన్యూ ఉద్యోగి. ప్రాథమిక విద్య స్వగ్రామంలోనే సాగింది. 1875లో తండ్రిగారు విషజ్వరంతో మరణించడంతో పన్నెండేళ్ల బాలుడు బంధువుల ప్రాపున విజయనగరం చేరి, మహారాజావారి ఇంగ్లీషు పాఠశాలలో చదువుకున్నారు. అక్కడ ఆయన సహాధ్యాయి గురజాడ అప్పారావుగారు. ఇద్దరు విద్యార్థులుగా మొదలైన ఆ స్నేహం తరువాతి కాలంలో తెలుగు భాష గతినే మార్చివేసింది.

1879లో మెట్రిక్యులేషన్ పూర్తిచేసి, మరుసటి సంవత్సరం పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో నెలకు ముప్ఫై రూపాయల జీతంపై ఉపాధ్యాయునిగా చేరారు. అప్పటికి ఆయనకు నిండా పదిహేడేళ్లు. ఇంటి బరువు మోస్తూ, పగలు పాఠాలు చెబుతూ, ప్రైవేటుగా చదివి పై పరీక్షలలో ఉత్తీర్ణులయ్యారు. చరిత్ర ఆయనకు అభిమాన విషయం. ఆ పాఠాన్ని పుస్తకంలో ఉన్నంతవరకు చెప్పి ఊరుకోలేదు. దాపునే ఉన్న ముఖలింగ దేవాలయాల గోడలపై శాసనాలున్నాయి, వాటిని చదవగలవారు ఆ ప్రాంతంలో లేరు. రామమూర్తిగారు ప్రాచీన లిపిని ఒక్కొక్క అక్షరంగా స్వయంగా నేర్చుకుని వాటిని చదివారు. ప్రాచీన గాంగరాజుల రాజధాని కళింగనగరం ఈ ముఖలింగమే అని ఆధారాలతో వ్యాసాలు ప్రకటించారు. అక్షరాలు కంటికి కనిపిస్తున్నా అర్థం అందని స్థితి ఎట్లా ఉంటుందో పెద్దవయసులో అనుభవించి తెలుసుకున్న ఉపాధ్యాయులు అరుదు. ఆయన ఆ అరుదైనవారిలో ఒకరు.

పర్లాకిమిడి చుట్టూ ఉన్న కొండలలో సవరలు నివసిస్తారు. వారు సంతకు, పనులకు ఊళ్లోకి వచ్చేవారు. వారి భాష తెలుగుకు గాని ఒరియాకు గాని చుట్టం కాదు. అది ముండా కుటుంబానికి చెందినది. ఊరివారు వారిని మోసగించడం, వెక్కిరించడం పరిపాటి. వారికి చదువు చెప్పాలన్న ఆలోచన అప్పట్లో ఎవరికీ ఉండేది కాదు. ఒకవేళ ఎవరైనా చెప్పినా తెలుగులోనో ఒరియాలోనో చెప్పేవారు. సవర బాలునికి అది రెండింతల బరువు. అక్షరం కొత్త, భాషా కొత్త. మేకను గుర్తించగలడు గాని, ఉపాధ్యాయుడు మేక అన్న మాట పలికితే అది తనకు తెలిసిన జంతువేనని తెలియదు. ఇక ఆ రెండక్షరాలు ఎంత చక్కగా దిద్దినా వాడు చదివినది ఏమున్నది?

రామమూర్తిగారు సమస్యను ఇక్కడే పట్టుకున్నారు. సవర బాలునికి తెలుగు నేర్పడం కంటే ముందు ఉపాధ్యాయుడు సవర నేర్చుకోవాలని నిశ్చయించారు. తెలుగు, సవర రెండూ వచ్చిన ఒక వ్యక్తిని తమ ఇంటనే ఉంచుకుని ఆ భాషను అభ్యసించారు. కొండలెక్కి సవర గూడేలకు వెళ్లి వారి సంభాషణలు, కథలు, పాటలు విని రాసుకున్నారు. ఆ భాషకు లిపి లేదు. కనుక తొలి పుస్తకాలకు తెలుగు లిపినే వాడారు. సవర వాచకాలు, పాటలు, కథలు, తెలుగు–సవర నిఘంటువు తయారు చేశారు. సొంత ధనంతో బడులు పెట్టించి, ఉపాధ్యాయులకు తామే జీతాలిచ్చి, సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పించారు.

ఈ పద్ధతిలోని విశేషం గమనించదగినది. పిల్లవాడు మొదట తన ఇంట వినిపించే మాటనే కాగితంపై చూస్తాడు. కూడబలుక్కుని చదివేసరికి అది తనకు తెలిసిన మాటే అవుతుంది, ముఖం వికసిస్తుంది. గుర్తుకు, ధ్వనికి, అర్థానికి గల సంబంధం ఆ క్షణంలో ముడిపడుతుంది. ఒకసారి ఆ ముడి పడిన తరువాత అదే లిపిలో రెండవ భాషను నేర్చుకోవడం సులభం, ఎందుకంటే చదవడమన్న విద్య మళ్లీ మొదటినుంచి నేర్చుకోనక్కరలేదు. తల్లిభాషలో ప్రాథమిక విద్య అని ఈనాడు విద్యావేత్తలు చెప్పే సూత్రాన్ని ఆయన వంద సంవత్సరాలకు పూర్వమే కొండ గూడేలలో ఆచరించి చూపారు.

1911లో ఈ కృషిని మెచ్చి మద్రాసు ప్రభుత్వం ఆయనకు పారితోషికం ఇవ్వజూపింది. ఆయన స్వీకరించలేదు. ఆ సొమ్ముతో సవరలకు మంచి పాఠశాల పెట్టమని కోరారు. 1913లో రావుసాహెబ్ బిరుదు లభించింది. బిరుదుల కంటె ముందే ఆయన మరొక మూల్యం చెల్లించవలసి వచ్చింది. కొండల చలిజ్వరాలకు తట్టుకోవడానికి దీర్ఘకాలం సేవించిన క్వినైను కారణంగా వినికిడి దెబ్బతిన్నది. సవరలో నీటికి చెప్పే మాట మధ్యలో గొంతు ఒక్క లిప్తకాలం మూసుకుని తెరచుకుంటుంది. అంతటి సూక్ష్మమైన ధ్వనులను వింటూ, విడదీస్తూ, గుర్తులు కట్టిన మనిషికి చెవులే బరువెక్కడం విధి చేసిన క్రూరమైన పని. అయినా పని ఆపలేదు.

ఈలోగా తెలుగు బడులలోని ఒక సమస్య ఆయన ముందుకు వచ్చింది. 1906లో ఉత్తర కోస్తా జిల్లాలకు పాఠశాలల పర్యవేక్షకునిగా వచ్చిన జె.ఎ. యేట్స్ దొర, తెలుగు పిల్లలు మాట్లాడే భాషకు, వారి పాఠ్యపుస్తకాల భాషకు ఇంత దూరం ఎందుకున్నదని పండితులను ప్రశ్నించారు. సంతృప్తికరమైన సమాధానం దొరకలేదు. విశాఖపట్నం కళాశాల ప్రిన్సిపాల్ పి.టి. శ్రీనివాస అయ్యంగారు ఈ విషయంలో గురజాడను, గిడుగును సంప్రదించమని సూచించారు. అంతవరకు సవర భాషపై నిలిచిన రామమూర్తిగారి దృష్టి ఇప్పుడు తమ సొంత భాషవైపు మళ్లింది. సవర బాలుని కష్టమే, కొంత తక్కువ మోతాదులో, తెలుగు బాలునిదీ అని ఆయనకు బోధపడింది.

ఆనాటి తరగతి గదిని ఊహించుకోవాలి. ఇంట్లో పిల్లవాడు అమ్మ వస్తున్నది అని వింటాడు, పుస్తకంలో వచ్చుచున్నది అని చదువుతాడు. గుర్రం అని పలుకుతాడు, గుఱ్ఱము అని రాయకపోతే తప్పు. నోట పలకని అరసున్నలను ఎక్కడ ఉంచాలో, ఏ మాటకు బండిర రాయాలో గుర్తుపెట్టుకోవాలి. తన మనసులోని సంగతి నాలుగు వాక్యాలలో రాయమంటే, మొదట దానిని ఎవరూ మాట్లాడని భాషలోకి మార్చుకుని తరువాత రాయాలి. ఫలితంగా పదేళ్లు చదివినవాడు కూడా ఇంటికి ఒక ఉత్తరం ధైర్యంగా రాయలేకపోయేవాడు. పిల్లల సంగతి అటుంచి, గ్రాంథికమే రాయాలని శాసించే పండితుల రచనలలోనూ ఆ వ్యాకరణాన్ని అతిక్రమించిన ప్రయోగాలు ఎన్ని ఉన్నాయో రామమూర్తిగారు ఉదాహరణలతో ఎత్తిచూపారు. ఆంధ్రపండిత భిషక్కుల భాషాభేషజము అన్న గ్రంథం ఆ పరిశీలనకు ఫలం.

ఎదుటిపక్షం బలమైనది. జయంతి రామయ్య పంతులుగారి వంటి పెద్దలు గ్రాంథిక పక్షాన నిలిచారు. వారి సందేహాలు అర్థంలేనివి కావు. జిల్లాకొక తీరుగా మాట్లాడే తెలుగులో ఏ యాసను పుస్తకానికి ఎక్కించాలి? ప్రాచీన కావ్యాలతో పిల్లలకు సంబంధం తెగిపోదా? రామమూర్తిగారు చెప్పిన సమాధానం స్పష్టం. ఇంటింటి యాసను యథాతథంగా రాయమని ఆయన కోరలేదు. చదువుకున్నవారు నలుగురిలో మాట్లాడేటప్పుడు వాడే శిష్ట వ్యావహారికాన్ని రచనకు గ్రహించమన్నారు. ప్రాచీన కావ్యాలను విడిచిపెట్టమనీ అనలేదు. ఆయన స్వయంగా వాటిని క్షుణ్ణంగా చదివినవారు. కావ్యభాషను పెద్ద తరగతులలో చదివి అర్థం చేసుకోవాలి గాని, చిన్న పిల్లలచేత ఆ భాషలో రాయించడం తగదన్నది ఆయన వాదం.

1912–13 ప్రాంతంలో స్కూలు ఫైనలు వ్యాసరచనలో ఆధునిక భాషను వాడుకొనే అవకాశం విద్యార్థులకు లభించింది. వ్యతిరేకత వెల్లువెత్తడంతో స్వల్పకాలంలోనే ప్రభుత్వం దానిని ఉపసంహరించింది. 1915 నవంబరులో గురజాడ కన్నుమూశారు. బాల్యమిత్రుని కోల్పోయి, గెలిచినట్లే గెలిచి ఓడి, అప్పటికే ఉద్యోగ విరమణ చేసిన రామమూర్తిగారు ఒంటరిగా ఊరూరా తిరిగి సభలలో వాదించారు. చెవుడు ఉన్నా ప్రతిపక్షుల వాదాన్ని శ్రద్ధగా తెలుసుకుని, పుస్తకాల కట్టలు వెంట తెచ్చుకుని పుట తెరచి చూపేవారు. 1919లో రాజమండ్రిలో వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం ఏర్పడినప్పుడు కందుకూరి వీరేశలింగం పంతులుగారు అధ్యక్షులు కావడం పెద్ద అండ. కొద్ది నెలలకే, ఆ ఏడు మే నెలలో వీరేశలింగంగారు మరణించారు. అదే సంవత్సరం రామమూర్తిగారు తెలుగు అనే మాసపత్రికను ప్రారంభించి ఒక సంవత్సరం నడిపారు. 1924లో కాకినాడలోని ఆంధ్ర సాహిత్య పరిషత్తు వ్యావహారికంపై నిషేధాన్ని తొలగించింది.

ఈ పోరాటాల మధ్య కూడా ఆయన సవరలను మరువలేదు. దశాబ్దాల పరిశ్రమ ఫలంగా ఆంగ్లంలో రచించిన సవర భాషా వ్యాకరణం 1931లో మద్రాసు ప్రభుత్వం ద్వారా వెలువడింది. కొన్ని సంవత్సరాలకు సవర–ఇంగ్లీషు నిఘంటువు వచ్చింది. 1934లో కైసర్–ఇ–హింద్ పతకం, 1938లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు కళాప్రపూర్ణ గౌరవం ఆయనకు లభించాయి. కుమారుడు సీతాపతిగారు తండ్రి అడుగుజాడలలో సవర భాషకు సేవచేశారు, పిల్లల కోసం సరళమైన గేయాలు రచించారు.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడింది. అంతవరకు మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాలో ఉన్న పర్లాకిమిడి కొత్త రాష్ట్రంలో చేరింది. పట్టణంలోని తెలుగువారితో పాటు రామమూర్తిగారు ఈ విలీనాన్ని గట్టిగా వ్యతిరేకించారు. ఫలితం లేకపోయింది. డెబ్బైమూడవ ఏట నడుస్తూ, పదిహేడేళ్ల ప్రాయంలో వచ్చి స్థిరపడిన ఊరిని, మహేంద్రతనయ ఒడ్డును, తాము నాటిన బడులను వదిలి రాజమండ్రికి తరలివెళ్లారు. ఆయన వెళ్లినా పర్లాకిమిడిలో తెలుగు వెళ్లిపోలేదు. ఈనాడు ఒడిశాలోని గజపతి జిల్లా కేంద్రమైన ఆ పట్టణపు వీధులలో తెలుగు వినిపిస్తూనే ఉన్నది. అదే 1936లో సవరలలోనే పుట్టిన మంగేయి గొమాంగో తమ భాషకు సొరంగ్ సొంపెంగ్ అనే ప్రత్యేక లిపిని రూపొందించారు. ఒకప్పుడు చదువు ఎందుకని లోకం అనుకున్న జాతి తన అక్షరాన్ని తానే సృష్టించుకున్నది.

1940 జనవరి 22న రామమూర్తిగారు పరమపదించారు. మరణానికి కొద్ది రోజుల ముందు కూడా వాడుక భాషను ఆదరించమని పత్రికాసంపాదకులకు విజ్ఞప్తి చేశారు. పాఠ్యపుస్తకాలలో వ్యావహారికం స్థిరపడడం ఆయన కళ్లతో చూడలేదు. అందుకు మరికొన్ని దశాబ్దాలు పట్టింది. ఆయన జన్మదినమైన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నారు.

ఆ రోజున పూలమాలలు వేయడం ఉచితమే. తెలుగునేల వెలుపలి తెలుగు బడులకు ఆయన జీవితం అంతకంటె దగ్గరిది. ఇంట్లో తెలుగు, వీధిలో మరో భాష, బోర్డుమీద వేరొక లిపి చూస్తూ ఒకటో తరగతికి వచ్చే బాలుడు సవర బాలుని వంటివాడే. అటువంటి బాలుడు అమ్మ అని రాసి, వేలు పెట్టి చదివి, ఇది మా ఇంటి మాటే అని తలయెత్తి చూసిన నాడు, పర్లాకిమిడి పంతులుగారి శ్రమ ఆ గదిలో మరొకసారి ఫలిస్తుంది.