యల్లాప్రగడ సుబ్బారావు ఋణగాథ

విద్యార్థి పరదేశ విద్యాలయం తలుపు తట్టినప్పుడు అక్కడివారు రెండు ప్రశ్నలు వేస్తారు. నీకు యోగ్యత కలదా అన్నది మొదటిది. నీ వ్యయం భరించువారు ఎవరన్నది రెండవది. మొదటి ప్రశ్నకు విద్యార్థి తన బుద్ధిబలంతో సమాధానం చెప్పుకొనగలడు. రెండవదానికి బుద్ధి ఎంత ఉన్నను చాలదు. అతనిని నమ్మి ధనమిచ్చేవారు కావలె. మన గోదావరీ తీరాన జన్మించి ప్రపంచ వైద్యశాస్త్రానికి మహోపకారం చేసిన డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావు జీవితంలో ఈ రెండవ ప్రశ్నయే కఠిన పరీక్ష అయినది.

సుబ్బారావు 1895 జనవరి 12వ తేదీన భీమవరంలో జన్మించినాడు. తండ్రి జగన్నాథం రెవెన్యూ శాఖలో ఉద్యోగి. అనారోగ్యం వల్ల ఆయన ఉద్యోగాన్ని ముందుగనే విడువవలసి వచ్చినది. ఏడుగురు సంతానం గల ఆ ఇంట పేదరికం కాపురముండినది. బాల్యంలో సుబ్బారావు, కాశీకి పోయి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనమార్జించవలెనని ఇల్లు విడిచి బయలుదేరినాడు. తల్లి వెంకమ్మ అతనిని వెనుకకు రప్పించి బడికి పంపినది. రాజమహేంద్రవరంలో చదువుచున్న కాలంలో ఆత్మీయుల మరణాలు అతని మనసును కలచివేసినవి. మెట్రిక్యులేషను పరీక్ష మొదటిమారు పోయినది; రెండవమారూ పోయినది. మూడవ ప్రయత్నంలో మద్రాసు హిందూ హైస్కూలు నుండి ఉత్తీర్ణుడైనాడు. ముందు ముందు ఇతనికి హార్వర్డులో స్థానం కలదని ఆనాడు ఎవరైనా చెప్పి ఉంటే వినేవారు నవ్వి ఊరకుండెడివారు.

ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియేటు ముగించిన పిమ్మట అతని మనసు సన్యాసం వైపు మళ్లినది. రామకృష్ణ మిషన్‌వారు అతని సేవాబుద్ధిని గుర్తించి, వైద్యం చదివి దీనులకు ఉపకరింపుమని హితవు చెప్పినారు. మద్రాసు వైద్య కళాశాలలో చేరినాడు. ఆ చదువుకు మిత్రులూ, కస్తూరి సూర్యనారాయణమూర్తిగారూ ధనసహాయం చేసినారు. 1919లో మూర్తిగారి కుమార్తె శేషగిరిని సుబ్బారావు వివాహమాడినాడు. గాంధీజీ పిలుపు విని ఖద్దరు ధరించి శస్త్రచికిత్స తరగతికి పోవడం ఆంగ్లేయ ఆచార్యునికి కంటగింపయినది. కడకు ఎం.బి.బి.ఎస్. పట్టమునకు బదులు, దానికంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే అతనికి దక్కినది. ఈ చిన్న భేదం సముద్రం దాటిన తరువాత కూడా అతనిని వెంటాడినది.

ప్రభుత్వ వైద్యశాఖలో ఉద్యోగం దొరకలేదు. మద్రాసులో డాక్టరు ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రం బోధించే పనిలో కుదిరినాడు. అప్పటికే ఆ కుటుంబం మీద పిడుగు పడి ఉన్నది. స్ప్రూ అనే సంగ్రహణి వ్యాధి ఇద్దరు సోదరులను ఎనిమిది దినాల వ్యవధిలో పొట్టన పెట్టుకొన్నది. అన్నం ఒంటబట్టనీయక, రక్తం క్షీణింపజేసి మనిషిని కృశింపజేసే ఆ రోగం సుబ్బారావును సయితం పట్టినది. లక్ష్మీపతిగారి చికిత్స వల్ల అతడు బ్రతికి బయటపడినాడు. ఉష్ణదేశ వ్యాధుల మూలం కనుగొనవలెనన్న సంకల్పం అప్పుడే అతనిలో స్థిరపడినది.

అట్టి విద్యకు అమెరికాలో హార్వర్డు విశ్వవిద్యాలయానికి చెందిన ఉష్ణదేశ వైద్య విద్యాలయం ప్రసిద్ధమైనది. ప్రవేశం లభించుట వేరు, వ్యయం లభించుట వేరు. ఓడ కూలి, కళాశాల రుసుము, పరదేశంలో కూడూ గూడూ - వీనిలో ఒక్కదానికైనా అతని వద్ద సొమ్ము లేదు. చూపుటకు భూములు లేవు, పూచీ ఉండుటకు తండ్రి లేడు. ఆ స్థితిలో ఇరువురు ఆదుకొన్నారు. మామగారు తన శక్తికొలది ధనం సమకూర్చినారు. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సహాయం చేయుటకు వాగ్దానం చేసినది. నాయకర్ రంగూనులో గడించిన సంపదను విద్యాదానానికి వినియోగించిన వితరణశీలి. ఎవరో ఒక వర్తకుడు సముద్రానికి ఆవల ఆర్జించిన ధనం, మరొకడు సముద్రం దాటుటకు తెప్ప అయినది.

1923 అక్టోబరులో సుబ్బారావు బోస్టనులో అడుగుపెట్టినాడు. ఆ ఏడే అమెరికా అత్యున్నత న్యాయస్థానం భారతీయులు పౌరసత్వానికి అర్హులు కారని తీర్పు చెప్పి ఉన్నది. తెచ్చుకొన్న సొమ్ము స్వల్పం. ఆసుపత్రిలో వైద్యునిగా పనిచేసి పొట్టపోసుకొందమంటే ఎల్.ఎం.ఎస్. పట్టం అక్కడ చెల్లలేదు. పీటర్ బెంట్ బ్రిగమ్ ఆసుపత్రిలో రాత్రివేళ రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రపరచే సేవకునిగా కుదిరినాడు. పగలు విద్యార్థి, రాత్రి ఊడిగం. మద్రాసులో శిష్యులకు పాఠం చెప్పిన చేతులతోనే ఆ పని చేసినాడు, సిగ్గుపడలేదు. 1924లో డిప్లొమా పొందినాడు.

తరువాత హార్వర్డు వైద్య కళాశాల జీవరసాయన శాఖలో సైరస్ ఫిస్క్ వద్ద చేరినాడు. 1925లో రక్తంలోనూ మూత్రంలోనూ భాస్వరం కొలిచే పద్ధతిని ఇరువురూ ప్రకటించినారు. అది నేటికీ వారి పేరుతోనే ప్రసిద్ధం. 1927లో కండరాలలోని ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ప్రాణికోటికి శక్తినిచ్చే ఎ.టి.పి.ని వెల్లడించినారు. 1930లో సుబ్బారావుకు పిహెచ్.డి. వచ్చినది. ఇంత చేసినను అక్కడ శాశ్వత పదవి దొరకలేదు. 1940లో లెడర్లీ పరిశోధనాలయానికి వెళ్లినాడు.

ఋణం తీరినది ఇక్కడనే. 1945లో అతని నాయకత్వాన లెడర్లీ శాస్త్రజ్ఞులు ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసినారు. సోదరులను బలిగొన్న ఆ సంగ్రహణికే అది దివ్యౌషధమైనది. 1947లో వెలువడిన హెట్రజాన్ బోదకాలు వ్యాధికి మందయినది. గోదావరి ప్రాంతపు పల్లెలకు ఆ రోగం కొత్తది కాదు. ఫోలిక్ ఆమ్లానికి విరోధులైన మందులతో సిడ్నీ ఫార్బర్ పసిబిడ్డల రక్తక్యాన్సరుకు చికిత్స ఆరంభించినాడు. 1948లో ఆరియోమైసిన్ వెలువడినది. నాడు కాకినాడ ధర్మసంస్థ చేసిన వాగ్దానానికి ప్రపంచం పొందిన వడ్డీ ఇది.

అయితే తీరని ఋణం ఒకటి మిగిలినది. అతడు ఓడ ఎక్కునాటికి శేషగిరి గర్భవతి. పుట్టిన మగబిడ్డ తొమ్మిది నెలలకే కన్ను మూసినాడు. తండ్రి ఆ బిడ్డ ముఖం చూడనే లేదు. భర్త తిరిగి రాలేదు. 1946లో చట్టం మారి భారతీయులకు పౌరసత్వం లభించే వీలు కలిగినను అతడు స్వీకరించలేదు. భారతీయునిగానే 1948 ఆగస్టులో, 53వ ఏట, అమెరికాలో మరణించినాడు. మామగారి ధనం కన్న, ధర్మసంస్థ సొమ్ము కన్న ఎక్కువ వెచ్చించినది ఆ ఇల్లాలే. ఆమె ఇచ్చినదానికి పత్రం లేదు, రశీదు లేదు.

నేటి విద్యార్థి బ్యాంకు పత్రాలూ, ఆస్తి విలువ పత్రాలూ సిద్ధపరచుకొని విదేశ విద్యాలయాలకు దరఖాస్తు చేస్తాడు. అవి కావలసినవే. ఆ కాగితాల వెనుక ఎవరి నగలు, ఎవరి నిద్ర, ఎవరి ఎదురుచూపు ఉన్నవో విద్యార్థి ఎరిగి ఉండవలె. ఉపాధ్యాయుడు సుబ్బారావు కథ చెప్పునప్పుడు ఎ.టి.పి.తో పాటు శేషగిరి పేరు కూడా చెప్పుట న్యాయం.