దండ ఏసేసి ఊరుకోకండి: గిడుగు పంతులు గారి బడి కత

మా నెల్లిమర్ల నుండి ఇజీనారం ఎంతో దూరం కాదు. ఆటో ఎక్కితే అరగంట. ఆ ఇజీనారంలో, మహారాజా వారి ఇంగ్లీషు బడిలో, తండ్రి పోయిన ఒక గుంటడు సదువుకున్నాడు. ఏటేటా ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవమని మనం దండేసీది ఆ గుంటడి ఫొటోకే. ఆయనే గిడుగు ఎంకట రామ్మూర్తి పంతులు గారు. మన మాట కోసం కొట్లాడినారని అందరికీ తెలుసు. బడి కోసం ఏటి సేసినారో సెప్పీవోలు తక్కువ.

1863లో శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టినారు. నాయన గారు ఇజీనారం సంస్థానంలో కొలువు సేసీవోరు. 1875లో జ్వరమొచ్చి ఆయన పోనారు. గుంటడికి అప్పటికి పన్నెండేళ్లు. అయినా సదువు ఆపలేదు. మన గురజాడ అప్పారావు గారు ఆయనకి బడి నేస్తం. మెట్రిక్ అయిపోనాక, 1880లో పర్లాకిమిడి రాజా వారి బడిలో మాస్టారుగా కుదిరినారు. జీతం నెలకి 30 రూపాయలు.

పర్లాకిమిడి సుట్టూ కొండలు. కొండల్లో సవరలు. ఆలు సంతకి దిగితే ఆలి మాట ఎవులికీ తెలీదు. ఆలి పిల్లలకి బడే లేదు. పంతులు గారు రెండు భాషలూ వచ్చిన మనిషిని ఇంట్లో పెట్టుకొని సవర మాట నేర్సుకున్నారు. కొండలెంట తిరిగినారు. మన్యం జ్వరం పట్టినాది. క్వినైను మింగి మింగి సెవుడు వొచ్చీసినాది. అయినా మానలేదు. సవర మాటలో వాచకాలు రాసినారు, సొంత డబ్బుతో బడులు పెట్టినారు, మాస్టర్లకి జీతాలు తన జేబు నుండే ఇచ్చినారు.

ఇక్కడే మనం ఆగి ఆలోచించాల. ఒక మాస్టారి జీతం మీద కొండంతా బడులు ఎన్నాళ్లు నడుస్తాయి? ఆ సంగతి ఆయనకీ తెలుసు. ఆ పుస్తకాలకి మద్రాసు సర్కారు పారితోషికం ఇస్తామంటే ఆయన పుచ్చుకోలేదు. ఆ డబ్బుతో సవర పిల్లలకి ఆలి మాటలోనే మంచి బడి పెట్టమని అడిగినారు. సర్కారు సొమ్ము ఎక్కడికి పోవాలో సర్కారుకే సెప్పినారు. అప్పట్లో సవరలకి ఓటా, ఎమ్మెల్యేనా? ఆలి తరపున అడిగిన గొంతు ఈ మాస్టారిదే.

తరవాత 1913లో రావు బహద్దూర్ బిరుదు వొచ్చినాది. 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర నిఘంటువు వొచ్చినాయి. పర్లాకిమిడిని ఒరిస్సాలో కలుపుతామంటే, ఒకప్పుడు తనకి కొలువిచ్చిన సంస్థానం రాజుకే ఎదురు నిలబడినారు. 1936లో ఒరిస్సా రాష్ట్రం అయిన రోజున ఊరొదిలి రాజమండ్రి ఎల్లిపోనారు. 1940 జనవరి 22న కన్నుమూసినారు.

ఇదంతా ఎందుకు గుర్తుకొచ్చినాదంటే, మా దగ్గర ఒక పల్లె బడి ఉన్నాది. పేరెందుకులెండి. వానొస్తే రెండో గదిలో గుంటల్ని మూలకి జరపాల. పోయినేడు మా కుర్రోలం సందాలేసుకొని పైన పట్టా కప్పినాం. ఈ ఏడు మళ్లీ కారతన్నాది. మళ్లీ సందాలేద్దామన్నారు. మన జేబుతో మొదలెట్టొచ్చు గానీ అక్కడే ఆగిపోకూడదని నాను అన్నాను.

2009 విద్యాహక్కు చట్టం పెకారం సర్కారు బడి కమిటీలో ముప్పావు వంతు తల్లిదండ్రులే. బడికి ఏటి కావాలో ప్రణాళిక రాసీది ఆ కమిటీయే. సర్కారు ఇచ్చే గ్రాంటుకి ఆ ప్రణాళికే ఆధారం. ఎంపీ గారు ఏడాదికి 5 కోట్ల రూపాయల దాకా పనులు సిఫారసు సెయ్యొచ్చు, అందులో బడి గదులూ ఉండొచ్చు. అడగందే ఆలికి మాత్రం ఎలాగ తెలుస్తాది బావూ?

కాగితం రాయమంటే మావోలు బెదిరిపోనారు. మాకు పుస్తకాల తెలుగు రాదన్నారు. నాకు నవ్వొచ్చినాది. ఆ బెదురు పోవాలనే గదా పంతులు గారు ముసిలితనం దాకా కొట్లాడినారు! మాటాడీ మాటే రాస్తే సాలు. గది ఎంత కారతందో, పిల్లలెంతమందో, ఎన్నేళ్ల నుండి ఇలాగుందో రాసినాం. ఫొటోలు పెట్టినాం. అమ్మలందరి సేతా సంతకాలు ఏయించినాం.

ఒచ్చే సోమవారం కమిటీ తీర్మానంతో ఎంఈఓ గారికీ, ఎమ్మెల్యే గారికీ, ఎంపీ గారికీ తలో కాపీ ఇస్తాం. అందినట్టు సంతకం తీసుకుంటాం. నెల సూసి మళ్లీ ఎల్తాం.

మీ ఊరి బడి ఎలాగున్నాదో ఓపాలి ఎల్లి సూడండి. సూసినాక ఒక కాగితం తీయండి.